పెద్దమ్మ తొక్కిపట్టిన బ్రేకు

పెద్దమ్మ పోయిందన్న కబురు అందేసరికి నేను గుడివాడలో ఒక స్పేరుపార్టుల షాపు ముందు నిలబడి ఉన్నాను. మా పాత కోత మిషను గేరుబాక్సుకి ఆయిలు సీలు, నూనె కారకుండా ఆపే రింగు, కావాలి. కౌంటరు దగ్గర మనిషి నేను తెచ్చిన పాత సీలుని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఇంకా ఈ మిషను నడుపుతున్నారాండీ?" అని అడుగుతున్నాడు. అప్పుడు ఫోను మోగింది. పెద్దమ్మ కూతురు. "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందిరా తమ్ముడూ. పొద్దున టీ అడిగింది. పెట్టి తెచ్చేసరికే లేదు" అంది.

అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు నవ్వుకుంటారు. సీలు ఎందుకు పోయిందో పెద్దమ్మకి ఇంకా చెప్పలేదే అనుకున్నాను. ముందురోజు ఫోనులో పెద్దమ్మ అడిగింది, "సీలు పోయిందంటావు, సరే. ఎందుకు పోయింది? షాఫ్టు ఊగుతుందేమో చూశావా?" అని. చూసి చెబుతానన్నాను. చూశాను, షాఫ్టు ఊగుతోంది. ఆ సంగతి చెప్పడానికి ఇప్పుడు మనిషి లేదు. సీలు జేబులో వేసుకుని బస్సెక్కాను. అవనిగడ్డ వెళ్ళేదాకా కిటికీలోంచి ఏ చేను చూసినా కళ్ళు నిండుతూనే ఉన్నాయి.

ఆమె మా అమ్మకి సొంత అక్క. ఆదివారం చర్చిలో పిల్లలకి సండే స్కూలు చెప్పేది, మిగతా రోజులు మా అందరికీ చెప్పేది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. పిల్లలకైనా పెద్దలకైనా ఏ విషయమూ నేరుగా చెప్పదు. ప్రశ్న వేస్తుంది, జవాబు మన నోటి నుంచే రావాలి. వచ్చేదాకా వదలదు. మెచ్చుకోవడమంటే ఆమెకి చేతకాదు. మనం సరిగ్గా చెబితే "ఊఁ, తర్వాత?" అంటుంది. అదే పెద్ద బహుమతి.

మిషను కొన్నది పెదనాన్న. కోతల సీజనుకి పంజాబు నుంచి వచ్చినవాళ్ళ దగ్గర కొన్నాడు. అప్పటికే అది ముసలిది. టైర్ల మిషను. ఇప్పుడు మా వైపు చేలల్లో తిరిగే చైను మిషన్లు అప్పటికింకా రాలేదు. దాన్ని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టిన రోజు పెద్దమ్మ గుమ్మంలోంచి తేరిపార చూసి, "నాకు సవతిని తెచ్చాడు" అందట. ఇక ఆ పేరే ఖాయమైంది. "సవతి లేచిందా?" "సవతికి ఆయిలు పోశారా?" అని అడిగేది. పెదనాన్నకి దాన్ని నడపడం వచ్చు, తిట్టడం వచ్చు. ఆగిపోతే ఎందుకు ఆగిందో వెతికే ఓపిక మాత్రం లేదు. ఆ పని పెద్దమ్మ తీసుకుంది. పెదనాన్న పోయాక మిషను మొత్తం ఆమెదే అయింది. డ్రైవరుగా నేను చేరాను.

ఆమె ఇదంతా ఎక్కడ నేర్చుకుందని అందరూ అడుగుతారు. అన్నం పెట్టి నేర్చుకుంది. బందరు నుంచి, గుడివాడ నుంచి మెకానిక్కులు వస్తే మధ్యాహ్నం భోజనం ఆమె ఇంట్లోనే. పీట వేసి, ఆకు వేసి, మంచినీళ్ళు పెట్టి, గరిటె పట్టుకుని నిలబడేది. వడ్డించేది కాదు. "ముందు చెప్పండి. ఏం పోయింది? అదే పోయిందని ఎలా తెలిసింది? ఎందుకు పోయింది?" జవాబు నచ్చితే కొరమీను పులుసు, నచ్చకపోతే చారు. ఒకాయన "బేరింగు పోయిందండీ" అని ఊరుకున్నాడు. "ఏదో పోయిందనేగా నిన్ను పిలిచింది" అంది పెద్దమ్మ. పాపం ఆయన లేచి వెళ్ళి, పోయిన బేరింగుని కడిగి తెచ్చి, ఆకు పక్కన పెట్టి, ఏ పక్క అరిగిందో చూపించాకే పులుసు పడింది. వాళ్ళు విసుక్కునేవాళ్ళేమో అనుకుంటారు మీరు. లేదు. దివిసీమలో ఎక్కడ పని పడినా దారిలో ఆగి, ఫలానా ఊళ్ళో ఫలానా మిషనుకి ఇలా అయిందమ్మా అని చెప్పి, తిని వెళ్ళేవాళ్ళు. ఏళ్ళ తరబడి పెద్దమ్మ వంటింట్లో అందరి రోగాలూ, అందరి మందులూ పోగుపడ్డాయి.

ఆమె దగ్గర ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. కళ్ళజోడు పెట్టెలో దాచుకునేది. మిషనులో తిరిగే భాగాలు ఒకదానికొకటి అతుక్కునే చోట, రెండింటి మీదుగా అడ్డంగా ఒక గీత గీయిస్తుంది. తర్వాత ఇంజను వేసి, ఒక్క క్షణం క్లచ్చి వదిలి, ఆపేయమంటుంది. రెండూ కలిసి తిరిగితే గీత కలిసే ఉంటుంది. ఒకటి తిరిగి ఒకటి ఆగిపోతే గీత రెండు ముక్కలవుతుంది. "గీత ఎక్కడ విరిగితే జబ్బు అక్కడుంటది. అంతకుముందు స్పానరు ముట్టుకున్నవాడికి చారే" అనేది.

ఇంకో అలవాటు ఆమె గాజులు. చిలకలపూడిలో ఏరి ఏరి కొనుక్కున్న రోల్డుగోల్డు గాజులు. వాటి మెరుపు మీద ఆమెకి చెప్పలేనంత ప్రేమ. మిషను కింద ఎవరైనా దూరాలంటే ముందు ఆ గాజులు తీసి గేరు లివరుకి తగిలిస్తుంది. గాజులు లివరు మీద ఉన్నంతసేపు ఆ మిషను ఎక్కడానికి ఎవరికీ హక్కు లేదు. కింద దూరిన మనిషి బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, ఆమెకి కనిపించాకే గాజులు మళ్ళీ చేతికెక్కుతాయి. ఆమె చేతికింద పనిచేసిన ఏ ఒక్కరి వేలుకీ దెబ్బ తగల్లేదు.

ఒకసారి రెండో గేరు నిలవకుండా జారిపోతోంది. నడుస్తూ నడుస్తూ న్యూట్రల్లోకి వచ్చేస్తోంది. గేరుపళ్ళు అరిగాయన్నారు, లోపలి స్ప్రింగు చచ్చిందన్నారు. పెద్దమ్మ చేలోకి వచ్చి, గట్టు మీద కూర్చుని, నన్ను ఒక చుట్టు కోసి రమ్మంది. కోసి వచ్చాను. "రేపు అన్నం క్యారేజీ ఇంట్లో పెట్టి రా" అంది. నాకు అర్థం కాలేదు. నేను రోజూ క్యారేజీ గేరు లివరుకే తగిలించేవాణ్ణి, అందుబాటులో ఉంటుందని. మిషను కుదుపుకి ఆ బరువు ఊగి ఊగి లివరుని లాగేస్తోంది. మా వైపు డ్రైవర్లందరం అలాగే తగిలిస్తాం. "గేరుకేం రోగం లేదురా, నీ పప్పుకే బరువెక్కువైంది" అంది. నాకు ఉక్రోషం వచ్చి, "మరి నీ గాజులు తగిలిస్తావుగా" అన్నాను. "నా గాజులు ఉన్నప్పుడు మిషను నడవదురా సన్నాసీ" అంది.

ఆమె ఎప్పుడూ తప్పు చెప్పలేదని నేను అనను. ఒక సీజనులో బెల్టే జారుతోందని పట్టుబట్టి కొత్త బెల్టు వేయించింది. తీరా చూస్తే క్లచ్చి ప్లేటు. ఆ సాయంత్రం తనకి తనే పులుసు వడ్డించుకోకుండా చారుతో తిని లేచింది. నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాను.

ఇవన్నీ ఒక ఎత్తు. నాంచారమ్మ గారి చేలో జరిగింది ఒక ఎత్తు. అది జరిగి కొన్నేళ్ళయింది.

నాంచారమ్మ గారిది పాలకాయతిప్ప వెళ్ళే దారిలో కౌలు చేను. భర్త మంచాన పడ్డాక సాగంతా ఆమే చూసుకుంటున్నారు. ఆ ఏడు కౌలు గింజలు పూర్తిగా రాకపోతే చేనుని రొయ్యల చెరువుకి ఇచ్చేస్తానని యజమాని ముందే చెప్పేశాడు. చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాక ఇక అది చేను కాదు. ఆమెకి ఇంకో చేను లేదు. చక్కగా పండిన పంట, కోతకొచ్చింది. ఇంతలో తుఫాను కబురు. తెల్లారేసరికి తీరం తాకుతుందని ఫోన్లలో, మైకుల్లో ఒకటే చెప్పడం. చైను మిషన్లన్నీ పెద్ద పెద్ద కమతాల వైపు పరిగెత్తాయి. ఆ శివారు చేనుకి దొరికింది మా ముసలిదొక్కటే.

పొద్దున్నే మొదలుపెట్టాం. ఎండ నడినెత్తికి రాకముందే మిషను ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, కత్తి ఆడుతోంది, గేరు పడుతోంది. క్లచ్చి వదిలితే మాత్రం ముందుకూ లేదు, వెనక్కీ లేదు. సగానికి పైగా చేను ఇంకా నిలబడే ఉంది. మెకానిక్కుకి ఫోను చేస్తే, "గేరుబాక్సు దింపాలి. తుఫాను వెళ్ళాక వస్తాలే" అన్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేం, ఆ రోజు అందరూ పిలుస్తున్నది ఆయన్నే. కూలీలు దొరకలేదు, ఎవరి చేలో వాళ్ళున్నారు. నాంచారమ్మ గారు గట్టు మీది సంచిలోంచి కొడవలి తీసుకుని, చేలోకి దిగి, ఒక్కరే కోయడం మొదలుపెట్టారు. అంత చేలో ఒక్క కొడవలి. అటు చూడలేక నేను పెద్దమ్మకి ఫోను చేశాను.

"వస్తన్నా. ఎవరూ ఒక్క బోల్టు విప్పమాకండి" అంది.

ఆటోలో వచ్చింది. అప్పటికే ఆమెకి మోకాళ్ళ నొప్పులు, షుగరు. కర్ర పట్టుకుని గట్టెంట నడిచి వచ్చి, ఆకాశం వైపు ఒకసారి చూసింది. దివిసీమ ఉప్పెన చూసిన మనిషి, ఆ చూపు వేరు. గాజులు తీసి నా చేతికిచ్చి, లివరుకి తగిలించమంది.

"నా మోకాళ్ళు వంగవు. నువ్వు దూరు. ఎక్కడెక్కడ గియ్యాలో చెప్పు."

"బెల్టు పుల్లీకీ గేరుబాక్సు షాఫ్టుకీ మధ్య ఒకటి."

"ఊఁ, తర్వాత?"

"గేరుబాక్సులోంచి రెండు పక్కలకీ చెరొక షాఫ్టు వస్తది. రెండు పక్కలా బ్రేకు డ్రమ్ము పక్కన చెరొకటి. ఆ తర్వాత చక్రాల దగ్గర."

"గీసి రా."

గీసి వచ్చాను. గాజులు ఆమెకిచ్చి, పైకెక్కి ఇంజను వేసి, గేరు వేసి, ఒక్క క్షణం క్లచ్చి వదిలి ఆపేశాను. మళ్ళీ గాజులు లివరు మీదికి, నేను కిందికి. పుల్లీ దగ్గర గీత కలిసే ఉంది. కుడిపక్క గీత కదల్లేదు. ఎడమపక్క చూశాను. డ్రమ్ము మీద ఉండాల్సిన సగం గీత ఎటో పోయింది, షాఫ్టు మీది సగం గీసిన చోటే ఉంది.

"విరిగింది పెద్దమ్మా. ఎడమపక్క. డ్రమ్ము తిరిగింది, దాని పక్క షాఫ్టు తిరగలేదు."

పెద్దమ్మ కళ్ళు మూసుకుని గాలి వదిలింది. "అయితే గేరుబాక్సు బంగారం. ఎడమ షాఫ్టు విరిగింది."

"మరి కుడిచక్రం బానే ఉందిగా. అదెందుకు లాగదు?"

ఆమె కర్రతో గట్టు పక్కన ఉన్న పంటబోదెని చూపించింది. "ఈ బోదెలో నీళ్ళు రెండు పక్కల చేలకీ పోవాలి. ఎడమ గట్టు తెగిందనుకో. కుడి చేనుకి నీళ్ళెక్కుతయ్యా?"

"ఎక్కవు. అన్నీ గండిలోంచే పోతాయి."

"నీ గేరుబాక్సులో జరిగిందీ అదేరా. రెండు పక్కలకీ పంచే గేర్లు ఉంటయ్యి లోపల. ఏ పక్క తేలిగ్గా తిరిగితే బలమంతా అటే పోద్ది. మరి గండి పడితే ఏం చేస్తాం?"

మా మాటలు విని కొడవలితో అలాగే వచ్చి నిలబడ్డ నాంచారమ్మ గారు మెల్లిగా అన్నారు. "అడ్డుకట్ట వేస్తామండీ."

"విన్నావా?" అంది పెద్దమ్మ నాతో. "ఎడమ బ్రేకు తొక్కు."

ఆ మిషనుకి ఎడమ చక్రానికొక బ్రేకు, కుడి చక్రానికొక బ్రేకు వేరువేరుగా ఉంటాయి, మలుపుల్లో తిప్పుకోవడానికి. నేను పైకెక్కాను. మొదటి గేరు వేశాను. ఎడమ బ్రేకు గట్టిగా తొక్కిపట్టి క్లచ్చి వదిలాను. మిషను ఒక్క మూలుగు మూలిగి ముందుకు కదిలింది. ఒంటికాలి మీద, ఒకపక్కకి లాగుతూ, కదిలింది.

అప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు, భయం లాంటిది. ఒక మనిషి ఒక్క బోల్టు విప్పకుండా, ఇనుము లోపల బలం ఎటు పారుతోందో గట్టు మీద నిలబడి చూసింది. చూసి, దాన్ని మళ్ళించింది. నాంచారమ్మ గారు దణ్ణం పెట్టబోతే పెద్దమ్మ కసిరింది. "ముందు ట్రక్కుకి కబురు పంపమ్మా."

"బ్రేకు కాలిపోదా పెద్దమ్మా?"

"తిరగనిది ఎందుకు కాలుద్ది? కాలితే లోపలి గేర్లు కాలతయ్యి. చుట్టు చుట్టుకీ ఆగి గేరుబాక్సు మీద అరచెయ్యి పెట్టు. చెయ్యి నిలవకపోతే చల్లారేదాకా ఆగు. మొదటి గేరు దాటమాక. కుడిచక్రం మామూలుకి రెండింతలు తిరుగుద్ది."

పెడలుని తాడుతో బిగించి కట్టాం. కుదుపుకి తాడు సాగింది, మిషను చేను మధ్యలో నిలబడిపోయింది. చెక్క దోపాం, జారిపోయింది. స్టీరింగు, క్లచ్చి, కత్తి ఎత్తడం, దించడం, వీటితో పాటు ఆ బ్రేకుని అంత బలంగా తొక్కిపట్టడం నా ఒక్కడి వల్ల కాలేదు. గాలి అప్పటికే సముద్రం వైపు నుంచి తిరిగింది.

పెద్దమ్మ చెప్పులు విడిచి నిచ్చెన దగ్గరికి వచ్చింది. వద్దన్నాను. "పట్టు" అని చెయ్యి ఇచ్చింది. వెనకనుంచి నాంచారమ్మ గారు, పైనుంచి నేను, ఎలాగో ఎక్కించాం. నా పక్కన నిలబడి, కమ్మీ పట్టుకుని, ఎడమ పాదం ఆ పెడలు మీద పెట్టి, ఒళ్ళంతా దాని మీద వేసింది. "తిని తిని పెంచిన ఒళ్ళు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. నేను పట్టుకున్నా. నువ్వు ముందు చూసి నడుపు."

కుడిచక్రం ఒక్కటే లాగుతుంటే మిషను ఎప్పుడూ ఎడమకే పోతానంటుంది. అందుకని చేను చుట్టూ ఎడమవైపు తిరుగుతూ కోశాం. ప్రతి చుట్టుకీ ఆగి గేరుబాక్సు మీద చెయ్యి పెట్టేవాణ్ణి. ఒకట్రెండు సార్లు చెయ్యి నిలవక ఆగాం. ఆగినప్పుడు కూడా ఆమె దిగలేదు, దిగితే మళ్ళీ ఎక్కలేనంది. నీళ్ళు అందిస్తే నిలబడే తాగింది. ఆమె ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. కమ్మీ మీద ఆమె వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, తెల్లగా పాలిపోయి. చేను తరుగుతూ వచ్చింది. నాంచారమ్మ గారు మిషను వెనకాలే నడుస్తూ, పడిన కంకులు ఏరుతూ, మధ్యమధ్య తలెత్తి పెద్దమ్మ వైపు చూస్తున్నారు.

చివరి ట్యాంకు ధాన్యం ట్రక్కులో పోసి, మీద బరకాలు కప్పి తాళ్ళు బిగించేసరికి చినుకులు మొదలయ్యాయి. వెలుతురు ఇంకా ఉంది. పెద్దమ్మని దించితే కాలు నేల మీద ఆనలేదు. గట్టు మీద కూర్చోబెట్టాం. అరికాల్లో పెడలు గాడులు ఎర్రగా అచ్చు పడి ఉన్నాయి. నాంచారమ్మ గారు ఆ కాలుని ఒళ్ళో పెట్టుకుని, వానలో తడుస్తూనే, రెండు చేతులా ఒత్తుతూ ఉండిపోయారు. తెల్లవారి ఆ పక్క చేలన్నీ నీళ్ళలో పడుకున్నాయి.

తుఫాను వెళ్ళాక షాఫ్టు బయటికి తీశాం. విరిగిన చోట సగం నల్లగా, పాత తుప్పు. మిగతా సగమే కొత్తగా మెరుస్తోంది. అంటే అది ఎప్పుడో సగం విరిగి, మిగతా సగంతోనే ఎన్నో సీజన్లు లాగింది. పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "చెప్పుకోలేదు పిచ్చిది" అంది. సవతిని ఆమె ఒక్క మంచి మాట అనగా విన్నది ఆ ఒక్కసారే. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ మాట పెద్దమ్మకి వర్తించినంతగా ఇంకెవరికీ వర్తించదని. ఆ రోజు తర్వాత ఆ కాలు ఎప్పుడూ మునుపటిలా కాలేదు. ఇంట్లో కూడా కర్ర లేకుండా పెద్దమ్మ నడవగా నేను మళ్ళీ చూడలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, ఎవరినీ అననివ్వలేదు.

పెద్దమ్మ భూస్థాపన మరునాడు మధ్యాహ్నం. తెల్లచీర, తెల్లమేజోళ్ళు, పెట్టె నిండా చామంతులు. పాస్టరు గారు ప్రార్థన చేశాక చివరి చూపుకి అందరూ వరసగా వస్తున్నారు. మెకానిక్కులు చాలామంది వచ్చారు. ఒక్కొక్కరే ముఖం చూసి, పువ్వు వేసి, పక్కకి తప్పుకుంటున్నారు.

నాంచారమ్మ గారు చేలోంచి అలాగే వచ్చినట్టున్నారు, చీర కుచ్చెళ్ళకి బురద ఆరలేదు. రొయ్యల చెరువు కాకుండా నిలిచిన ఆ చేలో ఈ ఏడు కూడా ఆమే నాట్లు వేశారు. వరసలో తన వంతు రాగానే అందరిలా తలవైపు వెళ్ళలేదు. కాళ్ళవైపు వచ్చి, పువ్వులు పక్కకి జరిపి, మేజోడు మీదుగా ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. వెనకాల వరస ఆగిపోయింది. ముందుకు జరగమని ఎవరూ అనలేదు.